మిద్దె మీదికి, వాకిట్లోకి ఎండాకాలం సామాను: పెద్ద దుకాణంలో ఏవి కొనాలి, బజారులో ఏవి కొనాలి

ఫిబ్రవరి సగం దాటిందంటే తిరుపతి చుట్టుపక్కల గోదాముల్లాంటి పెద్ద దుకాణాల్లో వరసలు మారిపోతాయి. మొన్నటిదాకా రగ్గులు పేర్చిన చోట కూలర్లు వచ్చి నిలబడతాయి. ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి తల పైకెత్తి చూసేంత ఎత్తున పెడతారు. మడత మంచాలు, పచ్చ వలలు, వెదురు తెరలు, ఉయ్యాలలు, సోలార్ దీపాలు, రంగు రంగుల పూలకుండీలు అన్నీ ఒకే కప్పు కింద దొరుకుతాయి. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు కదా, ఆ వారంలో వెళ్తే సరుకు నిండుగా ఉంటుంది. ఉగాది దాటాక వెళ్తే మంచి రకాలు అయిపోయి, ఎవరూ తీసుకోనివి మిగిలుంటాయి.

ఆ సరుకు చెడ్డదని నేననను. మా ఇంట్లో సగం సామాను అక్కడిదే. కానీ దాన్ని ఎంచినవాళ్ళు మన ఎండను, మన వానను చూసి ఎంచలేదు. దేశమంతటా ఉన్న కొట్లకు దాదాపు ఒకే జాబితా పోతుంది. తిరుపతిలో మే నెలలో 42, 43 డిగ్రీలు దాటే రోజులుంటాయి. వాన సంగతి చూస్తే, నైరుతి ఇక్కడ అంతంతమాత్రం. దండిగా కురిసేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య ఋతుపవనాలతో. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారిన సంగతి ఇక్కడివాళ్ళెవరూ మరిచిపోలేదు. కాబట్టి మిద్దె మీద గాని, వాకిట్లో గాని పెట్టే ఏ వస్తువైనా నాలుగు నెలల నిలువుటెండనూ, ఆ తర్వాత మూడు నెలల తడినీ తట్టుకోవాలి. దుకాణంలో ఏసీ గాలికి కూర్చుని చూస్తే ఏ కుర్చీ అయినా బాగానే ఉంటుంది.

నా సలహా మొదట్లోనే చెప్పేస్తాను. ముందు నీడ కొనండి, కుర్చీ ఆ తర్వాత. నీడ ఉంటే మామూలు కుర్చీ కూడా ఏళ్ళ తరబడి నిలుస్తుంది. నీడ లేకుంటే ఖరీదైన సోఫా సెట్టు కూడా రెండు ఎండాకాలాలకే పెళుసెక్కి పొట్టు రాలుస్తుంది. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు కంటికి నచ్చిన సెట్టు తెచ్చేసి, అది వెలిసిపోవడం చూశాక వల కోసం తిరుగుతారు.

నీడకు ఏది మంచిది

దుకాణానికి వెళ్ళేముందు మీ ఇంటికి ఎండ ఎటు నుంచి వస్తుందో చూసుకోవాలి. తిరుపతి ఉన్నది సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. సూర్యుడు ఏప్రిల్ ఆఖరి వారంలో ఒకసారి, ఆగస్టు నడుమ ఇంకోసారి సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఈ రెంటి మధ్యన మధ్యాహ్నప్పొద్దు మనకు కాస్త ఉత్తరంగా ఉంటుంది, పొద్దు గుంకేది వాయవ్యం వైపు జరుగుతుంది. ఉత్తరం వాకిలి కదా, ఎండ రాదులే అని అక్కడ మెత్తల సోఫా వేస్తే మే, జూన్ సాయంత్రాల్లో ఏటవాలు ఎండ నేరుగా దాని మీద పడుతుంది. దక్షిణం పంచకు మాత్రం ఆ నెలల్లో నీడే. అక్కడ వల కట్టడానికి డబ్బు పెట్టనక్కర్లేదు. పడమటి వైపు గురించి చెప్పేదేముంది, మూడు గంటల నుంచి గోడ సెగలు కక్కుతుంది. మీ డబ్బులో ఎక్కువ భాగం పడమటికే పోవాలి.

మిద్దె మీదికి అన్నిటికంటే ఉపయోగపడేది షేడ్‌నెట్, అంటే నీడకు కట్టే వల. ఇది 35, 50, 75, 90 శాతాల్లో వస్తుంది. ఎండలో ఎంత భాగాన్ని ఆపుతుందో చెప్పే లెక్క అది. కూరగాయల మొక్కలకు 50 చాలు. మనుషులు కూర్చోవడానికి 75 సరిపోతుంది. 90 అయితే ఇంకా చల్లగా ఉంటుందనుకుంటారు గాని, అల్లిక దగ్గరగా ఉండడం వల్ల గాలికి తెరచాపలా ఊగి తాళ్ళు తెంచుకుంటుంది, కింది వేడిగాలి పైకి పోయే దారీ తగ్గుతుంది. ఎండలో నిలిపిన కారు మీదికైతే 90 తీసుకోండి, మనుషులకు వద్దు. రంగు విషయంలో, పచ్చ వల కింద తెల్ల కాగితం కూడా పచ్చగానే కనిపిస్తుంది. పిల్లలు కూర్చుని చదువుకుంటారంటే నల్లది గాని, తెలుపూ నలుపూ కలిసింది గాని కంటికి హాయి.

ఎక్కడ కొనాలన్నది మీ మిద్దె కొలతను బట్టి. పెద్ద దుకాణంలో పదడుగులకు పదడుగులు లాంటి ముక్కలు, అంచు మడిచి కుట్టి, ఇత్తడి కళ్ళు కొట్టి సిద్ధంగా అమ్ముతారు. చిన్న జాగాకు అదే సుఖం, తెచ్చిన రోజే కట్టుకోవచ్చు. మిద్దె మొత్తానికి వేయాలంటే మాత్రం డ్రిప్ పైపులు, విత్తనాలు అమ్మే వ్యవసాయ దుకాణాలకు వెళ్ళండి. అక్కడ చుట్టలోంచి మీటర్ల లెక్కన కోసిస్తారు, చదరపు మీటరుకు లెక్కేస్తే తక్కువ పడుతుంది. రైతులు వాడే సరుకు కాబట్టి ఎండకు తట్టుకునే రకమేదో అమ్మేవాళ్ళకు తెలిసి ఉంటుంది. చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువు, యూవీ మందు కలిపిన దారమా అని రెండు ప్రశ్నలు అడగండి. జవాబు తడబడితే పక్క కొట్టుకు పోండి. అంచుకు రెండు మడతలు వేసి కుట్టించడం మరవద్దు. వల చిరిగేది నడుమ కాదు, తాడు లాగే అంచు దగ్గర.

కట్టేటప్పుడు తల పైన కనీసం ఏడెనిమిది అడుగుల ఎత్తు ఉంచండి. పక్కలు మూయకండి. నీళ్ళ ట్యాంకు పైపుకు, డిష్ కంబికి ముడెయ్యకండి. మేలో సాయంత్రంపూట ఉన్నట్టుండి వచ్చే గాలివానకు వలతో పాటు అవీ ఊడి వస్తాయి. కొక్కేలతో తగిలిస్తే అక్టోబరులో విప్పి చుట్టి లోపల పెట్టుకోవచ్చు. మూడు నెలలు వానలో నానబెట్టి, మళ్ళీ ఫిబ్రవరిలో కొత్తది కొనడం అనవసరపు ఖర్చు.

పెద్ద దుకాణాల్లో అందంగా నిలబెట్టే తోట గొడుగు మిద్దె మీదికి నేను సిఫారసు చెయ్యను. దానికి బరువైన దిమ్మె కావాలి, రోజూ సాయంత్రం మడవాలి. ఒక్కరోజు మరిస్తే గాలికి లేచి పక్కింటి మీద పడుతుంది. నాలుగు గోడల నడుమ పెరడు ఉన్నవాళ్ళకు మాత్రం పనికొస్తుంది. టార్పాలిన్ వానకు గాని ఎండకు కాదు. అది గాలిని పూర్తిగా ఆపేస్తుంది, కింద కూర్చుంటే ఉడికిపోతారు. రేకుల షెడ్డు శాశ్వతమే, అయితే రేకు వేడెక్కి ఆ సెగను కిందికి దించుతుంది. వేయించక తప్పదనుకుంటే ఎత్తు పెంచి వేయించండి.

వాకిలికి, పంచకు వెదురు తెరలు బాగుంటాయి. ఇక్కడ నేను గట్టిగా ఒక పక్షం తీసుకుంటాను: తెరలు పెద్ద దుకాణంలో కొనకండి. అక్కడివి మూడో నాలుగో కొలతల్లోనే ఉంటాయి. మీ పంచ ఆరడుగుల తొమ్మిదంగుళాలుంటే ఆరడుగుల తెర వేసుకుని, మిగిలిన తొమ్మిదంగుళాల్లోంచి వచ్చే ఎండను భరించాలి. పడమటి ఎండకు ఆ సందు చాలు. వెదురు అల్లేవాళ్ళ దగ్గర కొలతిచ్చి చేయిస్తే అంచు నుంచి అంచుదాకా వస్తుంది, బద్దలు కూడా మందంగా ఉంటాయి, తాడు తెగినా వాళ్ళే కట్టిస్తారు. వట్టివేరు తెరలు దొరికితే పడమటి కిటికీకి ఒకటి వేసుకుని మధ్యాహ్నం నీళ్ళు చల్లండి. పొడి గాలి దాంట్లోంచి వస్తే గదంతా చల్లబడి, వాసన మనసుకు పడుతుంది. రెండు మూడేళ్ళకు వేరు పొడిబారి రాలుతుంది, అప్పుడు మార్చుకోవాల్సిందే.

మిద్దె కింది గది చల్లబడాలన్నదే మీ అసలు కోరికైతే వల కంటే తెల్లపూత చవకైన మార్గం. సున్నం కొట్టిస్తే ఖర్చు కొద్దిపాటే, ఈశాన్య వానలకు కడుక్కుపోతుంది కాబట్టి ఏటా ఫిబ్రవరిలో మళ్ళీ కొట్టించాలి. కూల్ రూఫ్ పెయింటు కొన్నేళ్ళు నిలుస్తుంది గాని, కింద పాచి, పగుళ్ళు లేకుండా చేసి వేయించకపోతే పెచ్చులూడుతుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకు సున్నం, సొంత ఇల్లయితే పెయింటు. తెల్లపూత మీద పగలు కూర్చోవడం కళ్ళకు కష్టం, ఆ మెరుపుకు కళ్ళు నీళ్ళు కారతాయి. అక్కడ కూర్చోవాలంటే వలా వేయాలి.

కూర్చోవడానికి

ప్లాస్టిక్ కుర్చీల్లో మేలిరకం, నాసిరకం పక్కపక్కనే పెడతారు, ధరలో తేడా కూడా పెద్దగా కనిపించదు. చేత్తోనే తేల్చుకోవచ్చు. ఒకే సైజు కుర్చీలు రెండు ఎత్తి చూడండి, బరువైనది తీసుకోండి. తిరగేసి చూస్తే కూర్చునే పలక కింద అడ్డంగా పక్కటెముకల్లాంటి గీతలుండాలి. కాళ్ళను బయటికి లాగితే కొద్దిగా సాగి వెనక్కి రావాలి, బిరుసుగా ఉంటే పగిలే రకం. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటు వాసన వచ్చేవి, ముదురు రంగుల్లో ఉండి పైన మచ్చలు మచ్చలుగా కనిపించేవి ఎక్కువగా పాత ప్లాస్టిక్ కరిగించి పోసినవి. కుర్చీలు మాత్రం పెద్ద దుకాణంలోనే కొనమంటాను. ఆరు ఒకేసారి తీసుకుంటే ధర తగ్గుతుంది, రంగు కలుస్తుంది, నచ్చిన కుర్చీని పది నిమిషాలు పరీక్ష చేసినా అడిగేవాళ్ళుండరు.

అయితే నీడ లేని జాగాలో ఏ ప్లాస్టిక్కూ పెట్టకండి. ఎంత మంచిదైనా ఎండకు పైపొర పిండి పిండిగా మారుతుంది. అరచేత్తో రుద్దితే తెల్లగా అంటుకుందంటే ఆ కుర్చీ లోపల బలం పోతోందని అర్థం. పెద్దవాళ్ళను అందులో కూర్చోబెట్టకండి.

ఎండలోనూ వానలోనూ ఉండిపోయే ఆసనం కావాలంటే మన జిల్లాల్లో రాయిని మించింది లేదు. చిత్తూరు చుట్టుపక్కల గ్రానైట్ కోసి పాలిష్ పట్టే యూనిట్లున్నాయి, కుప్పం గ్రీన్ రాయి పేరు విననివాళ్ళు తక్కువ. అక్కడ కోతలో మిగిలిన ముక్కలు బేరమాడితే చవగ్గా వస్తాయి. కడప బండ అయితే ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. రెండు ఇటుక దిమ్మెల మీద బండ పరిస్తే తిన్నె తయారు. వాకిట్లో వేపచెట్టు నీడన వేసుకున్న బండ మీద సాయంత్రం కూర్చునే సుఖం ఏ సోఫాలోనూ రాదు. మిద్దె మీదైతే రెండు జాగ్రత్తలు. ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న బండ 110 కిలోల పైనే తూగుతుంది. దాన్ని శ్లాబు నడుమ కాకుండా, కింద గోడ ఉన్న చోట పిట్టగోడ పక్కన వేయించండి. ఎండ పడిన బండ పొద్దు గుంకాక కూడా చాలాసేపు కాలుతుంటుంది. నీళ్ళు పోసి చల్లార్చి కూర్చోవాలి, లేదా దాని పైకి మాత్రమైనా వల కట్టాలి.

పేము అల్లికలా కనిపించే సోఫా సెట్లు దుకాణాల్లో అందరినీ ఆపేస్తాయి. వాటిలో చాలావరకు పేము కాదు, ప్లాస్టిక్ తీగ. ఆ తీగ ఎండకు తట్టుకునే రకమే కావచ్చు, చూడాల్సింది లోపలి చట్రాన్ని. ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్ళండి. కాలుకు అతుక్కుంటే ఇనుము, అతుక్కోకపోతే అల్యూమినియం అయ్యే అవకాశం ఎక్కువ. ఇనప కాళ్ళ అడుగున ఉండే రబ్బరు టోపీల్లో వాననీళ్ళు చేరి, పైన రంగు మెరుస్తుండగానే లోపలి నుంచి తుప్పు తింటుంది. నవంబరు వానలు తగిలే చోటికైతే అల్యూమినియానికి ఎక్కువ పెట్టడం న్యాయమే. నాలుగు వైపులా కప్పున్న పంచలోకి ఇనప చట్రం చాలు. అసలైన పేము ఇంటి లోపలికే. ఎండకు పగుళ్ళిస్తుంది, తడికి బూజు పడుతుంది.

వాటితో ఇచ్చే మెత్తల్ని కూడా సెట్టు ధరలో భాగంగానే చూడండి. జిప్పు ఉండి, గలీబు ఉతుక్కునేలా ఉండాలి. అలిపిరి, కపిలతీర్థం దగ్గరి వీధుల్లో ఉండేవాళ్ళకు కోతుల సంగతి వేరే చెప్పక్కర్లేదు. బయట వదిలేసిన స్పాంజి మెత్తను అవి చీల్చి వీధంతా పరుస్తాయి. ఆ వైపు ఇళ్ళవాళ్ళు మెత్తల్లేకుండా కూర్చోగలిగే కుర్చీ ఎంచుకోవడం మంచిది.

ఉయ్యాల కొనాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. శ్లాబు పోసేటప్పుడే కొక్కెం వేసి ఉంటే గొలుసుల బల్ల ఉయ్యాల చేయించుకోండి, వడ్రంగి చేసింది పిల్లల పిల్లలదాకా ఉంటుంది. కొక్కెం లేకపోతే స్టాండు ఉన్నది కొనండి గాని, తర్వాత డ్రిల్లు వేసి బిగించిన కొక్కేన్ని నమ్మి మనుషుల్ని కూర్చోబెట్టకండి. స్టాండు ఉయ్యాల మీద ఎన్ని కిలోలు మోస్తుందో రాసి ఉంటుంది, ఇద్దరు కూర్చుంటారన్న లెక్కతో చూడండి.

చుట్టాలు దిగే ఇంటికి పడకలు

తిరుపతిలో ఇల్లుందంటే వేసవి సెలవుల్లో కొండకొచ్చే చుట్టాలు మనింట్లో దిగుతారు. అది మన భాగ్యం. దర్శనం ఏ వేళకు పడుతుందో దాన్ని బట్టి అర్ధరాత్రి వచ్చేవాళ్ళుంటారు, తెల్లవారుజామున మూడింటికి లేచి పోయేవాళ్ళుంటారు. నడకదారిన మెట్లెక్కి దిగొచ్చినవాళ్ళకు కాళ్ళు చాపుకునే జాగా కావాలి. ఇందుకోసం కొనే పడకలు తేలిగ్గా ఉండాలి, చప్పున వేసి చప్పున తీసేలా ఉండాలి, మిగతా పది నెలలు ఒక మూలన ఒదిగిపోవాలి.

పెద్దవాళ్ళకు మంచమే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు చాప మీంచి లేవలేరు. మడత మంచం నేల నుంచి పదహారు, పద్దెనిమిది అంగుళాల ఎత్తులో ఉందో లేదో చూడండి. చాలా రకాలు పన్నెండంగుళాలే ఉంటాయి, అవి పిల్లలకు. మడిచే చోట నడుమన ఒక కాలు అదనంగా ఉండాలి, లేకపోతే బరువంతా ఆ బందు మీద పడి వంగుతుంది. గుడ్డ బిగించిన మంచం కంటే నవారు అల్లిన మంచాన్ని నేను ఎక్కువ ఇష్టపడతాను. గుడ్డ రివిట్ల దగ్గర చిరిగితే ఆ మంచం పనైపోయినట్టే. నవారు వదులైతే బిగించుకోవచ్చు, తెగితే కొత్తది అల్లించుకోవచ్చు. చట్రం బాగుంటే ఆ మంచం ఒక తరం నడుస్తుంది. పెద్ద దుకాణంలో నవారు మంచం దొరకడం అరుదు, ఇనప సామాన్లు అమ్మే బజారు కొట్లలోనే అడగాలి.

గాలి నింపే పరుపులు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, ధరా తక్కువే. ఒక్క పిన్నీసు చాలు, రాత్రి రెండింటికి చుట్టం నేల మీద తేలతాడు. ఎండకు కాలిన మిద్దె మీద వాటి అతుకులు కూడా నిలవవు. వద్దు.

చాపల్లో ప్లాస్టిక్ చాపను పెద్ద దుకాణంలోనే కొనుక్కోండి, జతలుగా తీసుకుంటే గిట్టుబాటు. కడిగి ఆరేస్తే చాలు, వానాకాలంలో బూజు పట్టదు. చెమట మాత్రం పీల్చదు, పైన నూలు దుప్పటి వేయాలి. గడ్డి చాప, ఈతాకు చాప ఒంటికి చల్లగా ఉంటాయి, అవి బజారులో. నవంబరులో వాటిని గోడకు ఆనించి పెట్టకుండా ఎత్తున ఎక్కడైనా ఆరుగా పెట్టుకోవాలి.

ఏది ఎక్కడ వేయాలన్నదీ ముఖ్యమే. పగలంతా ఎండ తాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది. దాని మీద నేరుగా చాప వేస్తే కింద నుంచి సెగ కొడుతుంది. మంచానికైతే కింద గాలి ఆడుతుంది. కాబట్టి మిద్దె మీద మంచాలు, హాల్లో చాపలు. పొద్దు గుంకగానే మిద్దె మీద రెండు బక్కెట్లు నీళ్ళు చల్లితే పదింటికల్లా పడుకోవడానికి వీలవుతుంది.

కూలరా, ఫ్యానా

కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. గాలి పొడిగా ఉంటేనే ఆ పని జరుగుతుంది. మార్చి నుంచి మే దాకా పగటిపూట తిరుపతిలో అది బాగా పనిచేస్తుంది. జూలై తర్వాత ఉక్కపోత రోజుల్లో అదే కూలర్ గదిని ఇంకా జిగటగా చేస్తుంది. కిటికీ తెరిచి, బయటి గాలి వెనక నుంచి లాగేలా పెట్టాలి. తలుపులన్నీ బిగించి ఏసీలా వాడితే గంటకే ఉక్క మొదలవుతుంది. మొగిలి ఘాటు ఎక్కి పలమనేరు వైపు ఉండేవాళ్ళకు సాయంత్రాలు ఎలాగూ చల్లబడతాయి, వాళ్ళు ఈ డబ్బు మంచి ఫ్యాన్ల మీద పెట్టడం మేలు.

సైజు ఎంచడానికి ఒక సులువైన లెక్క ఉంది. గది పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి సగం చేయండి. పదిహేనడుగులు, పన్నెండడుగులు, పదడుగుల ఎత్తు అయితే 1,800 ఘనపుటడుగులు. సగం 900. నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి తోసే కూలర్ కావాలి. డబ్బా మీద గంటకు ఘనపు మీటర్లలో రాసి ఉంటే అది సుమారు 1,530 అవుతుంది. ట్యాంకు లీటర్లు చూసి సైజు ఎంచడం పొరపాటు. ట్యాంకు పెద్దదైతే నీళ్ళు తక్కువసార్లు పోస్తారు, అంతే.

లోపలి మెత్తలు రెండు రకాలు. గడ్డి మెత్త చవక, ఏటా మార్చాలి. తేనెపట్టులా గళ్ళుండే మెత్త ఖరీదు, కొన్నేళ్ళు వస్తుంది. మీది ఉప్పెక్కువ ఉన్న బోరు నీళ్ళయితే ఖరీదైన మెత్త గళ్ళు కూడా తెల్లగా గట్టిపడి మూసుకుపోతాయి, అలాంటి ఇళ్ళకు గడ్డి మెత్తే లాభం. ఇక బజారులో రేకుతో చేసి అమ్మే కూలర్లు గాలి గట్టిగా తోస్తాయి, రిపేరు సులువు. కానీ రేకు, నీళ్ళు, కరెంటు కలిసిన చోట ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే ప్రాణాపాయం. పిల్లలున్న ఇంటికి ప్లాస్టిక్ ఒళ్ళున్నది పెద్ద దుకాణంలో కొని, పంపు, మెత్తలు లాంటి విడిభాగాలు బజారులో తెచ్చుకోండి. కొనేముందు ఆ కంపెనీ సర్వీసు తిరుపతిలో గాని చిత్తూరులో గాని ఉందో లేదో కనుక్కోండి.

కరెంటు లెక్క కూడా చూద్దాం. 200 వాట్ల కూలర్ పది గంటలు నడిస్తే రెండు యూనిట్లు. ఫ్యాన్లలో పాత రకం 75 వాట్లు తాగితే, బీఎల్‌డీసీ అనే కొత్త మోటరు రకం 30 వాట్లతో సరిపెడుతుంది. రోజుకు 15 గంటలు తిరిగే ఇంట్లో ఒక్క ఫ్యానుకు నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద కూడా అదే నిష్పత్తిలో ఎక్కువసేపు వస్తుంది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ గుర్తు తప్పనిసరి. ఆ గుర్తు లేకుండా పాత సరుకు ఎంత తగ్గించి ఇచ్చినా ముట్టుకోకండి.

కుండీలు, దీపాలు

పలమనేరు మట్టిపనికి పేరున్న ఊరు. అక్కడి కుండీ గాలి పీల్చుకుంటుంది, వేళ్ళు చల్లగా ఉంటాయి. మేలో రెండు పూటలా నీళ్ళు పోయాలి, అది దాని లక్షణం. తులసికి, మల్లెకు మట్టి కుండీయే. ఊరెళ్ళే అలవాటున్నవాళ్ళకు, మిద్దె మీద బరువు తగ్గించుకోవాలనుకునేవాళ్ళకు ప్లాస్టిక్ కుండీలు, గ్రోబ్యాగులు. అవి పెద్ద దుకాణంలో కట్టలుగా వస్తాయి. మెరుపు పూత పింగాణీ కుండీల్లో కొన్నిటికి అడుగున రంధ్రం ఉండదు, తిరగేసి చూడకుండా తేకండి. కొబ్బరి పీచు ఇటుకల్ని ఇటుకకు ఎంత అని కాకుండా కిలోకు ఎంత అని పోల్చండి.

సోలార్ దీపాలకు మన ఊళ్ళో ఎండకు కొదవ లేదు. లోపలి బ్యాటరీ మార్చుకునేలా ఉన్నదే కొనండి. బ్యాటరీ బిగించేసిన రకం అది చచ్చిన రోజున చెత్తబుట్టకే.

ఎప్పుడు వెళ్ళాలి, బిల్లు సంగతి

దుకాణాల కాలెండరు మన వానలకు సరిపోదు. జూన్ రాగానే వాళ్ళు గొడుగులు, వానకోట్లు, సోఫా కప్పే గుడ్డలు ముందుకు తెచ్చి, కూలర్లు, ఫ్యాన్లు తగ్గింపులో పెడతారు. మనకు ఆ నెలలో ఎండ ఇంకా దిగి ఉండదు. కాబట్టి రకాలు తక్కువున్నా ధర తగ్గితే చాలనుకుంటే ఫ్యాను, షేడ్‌నెట్, కుర్చీలు కొనడానికి జూన్, జూలై మంచి సమయం, కొన్న వెంటనే వాడుకుంటారు. సోఫా కప్పే గుడ్డ ఆగస్టు, సెప్టెంబరుల్లో మిగిలిపోయిన సరుకులో చూడండి, మీకు దాని అవసరం అప్పుడే మొదలవుతుంది. దీపావళి ఆఫర్లలో వచ్చే బయటి తివాచీలు, మెత్తలు మాత్రం ఆపుకోండి. అవి ఇంటికి చేరిన వారానికే మన దగ్గర తుపాను హెచ్చరికలు మొదలవుతాయి. కూలర్ ఒక్కటే ఫిబ్రవరిలో కొనాలి, దాని అసలు పని మార్చి నుంచి మే దాకానే కదా.

చిత్తూరు నుంచి వచ్చేవాళ్ళు ఆటో ట్రాలీ బాడుగ కూడా ధరలో కలుపుకోవాలి. రెండూళ్ళ మధ్య 70 కిలోమీటర్లు. ఆరు కుర్చీల కోసమైతే చిత్తూరు బజారులోనే బేరమాడుకోండి. కుర్చీలు, కూలర్, ఫ్యాన్లు, వల అన్నీ ఒకేసారి తీసుకుని, ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు కలిసి ఒకే బండి మాట్లాడుకుంటేనే తిరుపతి రావడం గిట్టుతుంది. కొన్ని హోల్‌సేల్ దుకాణాలు వ్యాపారుల కార్డు ఉన్నవాళ్ళనే లోపలికి రానిస్తాయి, బయలుదేరేముందు అడిగి తెలుసుకోండి.

డబ్బా కట్టిన సామాను లోడు ఎత్తించేముందే తెరిపించి, కాళ్ళు, మరలు, మెత్తలు లెక్క చూసుకోండి. తర్వాత లోపం బయటపడితే వెనక్కి తీసుకోం అని వాదించే దుకాణాలున్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువు లోపల, గడువేమీ రాయకపోతే 30 రోజుల లోపల వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపారం కిందికి వస్తుంది. ఆ మాట చెప్పినా వినకపోతే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. దానికి బిల్లు ఉండాలి. యంత్రం కొట్టిచ్చే ఆ కాగితం మీది అక్షరాలు వేడికి నెలల్లోనే వెలిసిపోతాయి, అందుకని కొన్న రోజే బిల్లునూ, వారంటీ కార్డునూ, కూలర్ వెనక ఉండే నంబరు చీటీనీ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.